తరగతి లీడరు చేతిలో సుద్దముక్క



మన బళ్ళలో తరగతి లీడరని ఒక పదవి ఉంటుంది. చాలాచోట్ల దానికి ఎన్నిక ఉండదు. ఫస్టు మార్కు వచ్చే అమ్మాయికో, కాస్త గట్టిగా అరవగలిగే అబ్బాయికో టీచరుగారే అప్పగిస్తారు. ఆ లీడరు ఏం చేస్తారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీచరు గది దాటి వెళ్ళగానే సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడాలి. మాట్లాడినవాళ్ళ పేర్లు రాయాలి. మళ్ళీ మాట్లాడితే ఆ పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాలి. టీచరు తిరిగి వచ్చాక బోర్డు మీద పేరున్నవాళ్ళు లేచి నిలబడతారు. లీడరు స్నేహితులు ఎంత మాట్లాడినా వాళ్ళ పేర్లు బోర్డు ఎక్కవు.

నాయకత్వం గురించి మన పిల్లలకు అందే మొదటి పాఠం ఇదే. నాయకుడంటే పైవాళ్ళు నియమించినవాడు, పైవాళ్ళ తరఫున కిందివాళ్ళ మీద కన్నేసి ఉంచేవాడు. అదే తరగతిలో, అదే పిల్లలు సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచి, ప్రజాప్రతినిధి తనను ఎన్నుకున్నవారికి జవాబుదారీ అని చదువుతారు. పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు, మార్కులు కూడా వస్తాయి. పుస్తకంలో చదివినది పరీక్ష అయ్యేదాకా ఉంటుంది. బోర్డు దగ్గర చూసినది బతికినంతకాలం ఉంటుంది.

స్వపరిపాలన దినం జరిపినప్పుడు గమనించండి. పిల్లలు ఆ ఒక్కరోజు ఉపాధ్యాయులవుతారు. అమ్మాయిలు చీరలు కట్టుకుని, అబ్బాయిలు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని చాలా ముచ్చటగా పాఠాలు చెబుతారు. హెడ్మాస్టరు వేషం వేసిన పిల్లవాడు వరండాలోకి రాగానే మొట్టమొదట వెతుక్కునేది బెత్తం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ చట్టం వచ్చింది 2009లో. అయినా అధికారం అనగానే ఆ పిల్లవాడి చెయ్యి బెత్తం కోసమే వెళుతోంది. వాడు చూసినదే చేస్తున్నాడు.

ఇందుకు ఉపాధ్యాయుణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన కూడా ఇలాంటి తరగతిలోంచే వచ్చాడు. ఆ తరవాత డీఎడ్ కళాశాలకో బీఈడీ కళాశాలకో వెళితే అక్కడా వరుసగా కూర్చుని, చెప్పినది రాసుకుని, అడిగినప్పుడు మాత్రమే నోరు తెరిచాడు. తాను ఒక్కసారైనా రుచి చూడని స్వేచ్ఛను మరొకరికి ఎలా పంచుతాడు? ప్రజాస్వామ్య పౌరులను తయారుచేయాలంటే ముందు ఉపాధ్యాయులు తయారయ్యే చోట ప్రజాస్వామ్యం ఉండాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది మనకు కొత్తగా తట్టిన ఆలోచన కాదు. 1951-52లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 1951 జనాభా లెక్కల ప్రకారం అప్పటికి అక్షరాస్యత సుమారు 18 శాతం. ఆ ఎన్నికలు ముగిసీ ముగియగానే ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన మాధ్యమిక విద్యా కమిషన్ ఏర్పడింది. చదువు లక్ష్యాల్లో మొదటి స్థానాన్ని అది ప్రజాస్వామ్య పౌరసత్వానికే ఇచ్చింది. స్పష్టంగా ఆలోచించడం, ప్రచారానికి లొంగకుండా నిజానిజాలు తేల్చుకోవడం, కొత్త ఆలోచనకు మనసు తెరవడం, అనుకున్నది స్పష్టంగా చెప్పగలగడం, రాయగలగడం: పౌరుడికి కావలసినవి ఇవి అని చెప్పింది. డెబ్బై ఏళ్ళ కింద రాసిన ఆ జాబితాను ఈరోజు వాట్సాప్ సందేశాల మధ్య పెరుగుతున్న పిల్లల ముందు పెట్టండి. ఒక్క మాట కూడా తీసేయాల్సిన పని లేదు.

అంతకన్నా ముందే డాక్టర్ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజ్యాంగ నైతికత మనుషులకు పుట్టుకతో రాదనీ దాన్ని సాధన చేసి అలవరచుకోవాలనీ హెచ్చరించారు. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ దగ్గర చదువుకున్నారు. బడిలో పిల్లలు కలిసి బతికే తీరులోనే ప్రజాస్వామ్యం మొదలవుతుందని జీవితమంతా వాదించిన తత్వవేత్త డ్యూయీ. ఎక్కువతక్కువల నిచ్చెన మీద నిలబడిన సమాజంలో ఆ మాటకు ఎంత బరువుందో ఆయన శిష్యుడికి తెలిసినంతగా మరొకరికి తెలిసి ఉండదు.

మన పుస్తకాలు మారలేదని ఎవరూ అనలేరు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరవాత ఎన్‌సీఈఆర్‌టీ పాత పౌరశాస్త్రాన్ని పక్కనపెట్టింది. విధేయులైన ప్రజలను తయారుచేయడానికి వలస పాలనలో పుట్టిన పాఠ్యాంశం అది అన్న విమర్శ ఆ మార్పు వెనక ఉంది. కొత్త పుస్తకాల్లోకి కథలు వచ్చాయి, కార్టూన్లు వచ్చాయి, పత్రికల వార్తలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రాన్ని అనుసరించి సాంఘికశాస్త్రం పుస్తకాలను మళ్ళీ రాశారు. సమకాలీన అంశాలపై ప్రతిస్పందించడం, ప్రశ్నించడం అనేదాన్ని విద్యా ప్రమాణాల్లో ఒకటిగా చేర్చారు. ప్రశ్నించడానికి మార్కులిచ్చే రోజు వచ్చిందని అప్పట్లో చాలామంది సంతోషించాం. ఆ సంతోషంలో తప్పేమీ లేదు.

తీరా చూస్తే గైడ్లలో ఆ ప్రశ్నలకు కూడా జవాబులు అచ్చయి వచ్చాయి. ‘మీ అభిప్రాయం ఏమిటి?’ అన్న ప్రశ్నకు గైడులో ఒక అభిప్రాయం ఉంటుంది. ‘మీ ఊళ్ళో ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు ఏ ఊరిదో తెలియని జవాబు ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలోని పిల్లా, ఆదిలాబాద్ జిల్లాలోని పిల్లవాడూ తమ సొంత అభిప్రాయాన్ని ఒకే మాటల్లో రాస్తారు. పాఠం మధ్యలో చర్చించమని ఉన్నచోట, సిలబస్ తరుముతున్న ఉపాధ్యాయుడు ఆ పేజీ తిప్పేస్తాడు. చర్చ నడపడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు. తెలియని పనిని నలభై అయిదు నిమిషాల పీరియడులో, యాభై మంది పిల్లల ముందు మొదలుపెట్టే సాహసం ఎవరు చేస్తారు?

శిక్షణ సంగతి చూద్దాం. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఉపాధ్యాయ విద్య మీద నివేదిక ఇచ్చింది. ఆ తరవాత 2015 నుంచి బీఈడీ రెండేళ్ళ కోర్సు అయింది. పాఠశాలలో ఇంటర్న్‌షిప్ ఇరవై వారాలకు పెరిగింది. కాగితం మీద ఇది మంచి మార్పు. అయితే ఎన్ని కళాశాలల్లో ఆ ఇరవై వారాలు నిజంగా ఇరవై వారాలుగా జరుగుతున్నాయో ఆ కళాశాలలకు తెలుసు, చుట్టుపక్కల బళ్ళకూ తెలుసు. తరగతికి రాకుండా హాజరు వేయించుకునేవాళ్ళున్నారు. పాఠ్య పథకాల రికార్డులు డబ్బిచ్చి రాయించుకునేవాళ్ళున్నారు. నిజాయితీ గురించి రేపు పాఠం చెప్పబోయే మనిషి తన వృత్తిని కొనుక్కున్న రికార్డుతో మొదలుపెట్టడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే విషయం. ఆపైన టెట్, డీఎస్సీ. ఏ అధికరణం ఏ హక్కు ఇస్తుందో అవి అడుగుతాయి, అడగాలి కూడా. కానీ ఇద్దరు పిల్లలు భిన్నాభిప్రాయాలతో ఎదురుబొదురు నిలబడితే వాళ్ళను వాదనలోకి తీసుకువెళ్ళగలరా, తగవులో వదిలేస్తారా అన్నది నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పరీక్షలో బయటపడదు.

ఉపాధ్యాయ శిక్షణలో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న దేశం ఒకటుంది. అది జర్మనీ. నాజీల కాలంలో ఆ దేశంలో ఉపాధ్యాయుల్లో అత్యధికులు నాజీ ఉపాధ్యాయ సంఘంలో చేరారు. పిల్లలకు ద్వేషాన్ని పాఠంగా చెప్పారు. చదువూ క్రమశిక్షణా ఉన్న దేశంలోనే అది జరిగింది. యుద్ధం తరవాత పశ్చిమ జర్మనీలో రాజకీయ విద్యను ఎలా చెప్పాలన్న దాని మీద వామపక్షం వాళ్ళకూ సంప్రదాయవాదులకూ పెద్ద పోరే నడిచింది. 1976లో బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలోని బోయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊళ్ళో రెండు వైపుల పండితులూ సమావేశమయ్యారు. మిగతా విషయాల్లో తేడాలు అలాగే ఉన్నా మూడు సూత్రాల దగ్గర అందరూ కలిశారు. మొదటిది, ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్ది వాళ్ళ ఆలోచనను అణచకూడదు. రెండోది, సమాజంలో వివాదంగా ఉన్న విషయం తరగతిలో కూడా వివాదంగానే కనబడాలి, ఒక వైపును దాచి రెండోదే చెప్పకూడదు. మూడోది, పిల్లలు తమ పరిస్థితినీ తమ ప్రయోజనాలనూ తామే అర్థం చేసుకుని, వాటి కోసం ఏం చేయవచ్చో తెలుసుకునే శక్తి పొందాలి. దీన్ని ఎవరూ చట్టం చేయలేదు, ఓటింగు కూడా పెట్టలేదు. సమావేశంలో కలిసిన మాటను హాన్స్-గియోర్గ్ వేలింగ్ అనే విద్యావేత్త రాసి ప్రచురించారు. నేటికీ అక్కడి రాజకీయ విద్యకు ఆధారం ఆ మూడు సూత్రాలే.

మన దగ్గర ఇవి పనికొస్తాయా? ఒక పాఠం పట్టుకుని చూద్దాం. గ్రామపంచాయతీ పాఠం తీసుకుందాం, అందరికీ తెలిసినది కాబట్టి. శిక్షణలో ఉన్న ఉపాధ్యాయురాలు ఇంటర్న్‌షిప్‌లో ఆ పాఠం చెప్పాలి. మామూలుగా అయితే ఒక చార్టు గీస్తారు. సర్పంచి, ఉపసర్పంచి, వార్డు సభ్యులు, విధులు. అలా కాకుండా ఆమె ముందు ఆ ఊరి గ్రామసభకు వెళ్ళిందనుకోండి. నోటీసు ఎక్కడ అంటించారు, ఎంతమంది వచ్చారు, ఆడవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు మాట్లాడారు, తీర్మానాల పుస్తకంలో ఏం రాశారు అన్నవి చూసి వచ్చింది. తరగతిలో పిల్లల చేత ప్రశ్నలు తయారుచేయించింది. వీధి కుళాయిల గురించి, మురుగు కాలువ గురించి, బడి గోడ గురించి నాలుగైదు ప్రశ్నలు వచ్చాయి. అప్పుడు చివరి బెంచీలోంచి ఒక పిల్ల లేచి, ‘టీచర్, సర్పంచి మా అత్త కదా, మరి ఆఫీసు కుర్చీలో మామయ్య ఎందుకు కూర్చుంటాడు?’ అని అడిగింది.

ఈ ప్రశ్న రాని ఊరు మనకు చాలా తక్కువ. ఆ క్షణంలో ఆ ఉపాధ్యాయురాలు ఏం చేస్తుందన్నదే ఆమె తయారీకి అసలైన పరీక్ష. ‘అలాంటివి అడగకూడదు, కూర్చో’ అంటే పిల్ల ఇక ఎప్పుడూ అడగదు. నవ్వేసి దాటేస్తే తరగతి మొత్తం నవ్వుతుంది, ప్రశ్న చచ్చిపోతుంది. ఆవేశంతో ఆ కుటుంబాన్ని నాలుగు మాటలంటే సాయంత్రానికి ఆ మాటలు ఊరంతా తిరిగి హెడ్మాస్టరు గదికి చేరతాయి, ఆ పిల్ల ఇంట్లో తన్నులు తింటుంది. శిక్షణ పొందిన టీచరు ఆ ప్రశ్నను బోర్డు మీద రాస్తుంది, వ్యక్తుల పేర్లు లేకుండా. ‘మహిళలు ఎన్నికైన చోట పని ఎవరు చేస్తున్నారు? ఎందువల్ల?’ అని. అక్కడి నుంచి చట్టం దగ్గరికి తీసుకువెళుతుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు మహిళలకిచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో అది సగానికి పెరిగింది. సర్పంచికి చట్టం ఇచ్చిన అధికారాలేమిటి? భర్తకు ఇచ్చినవేమైనా ఉన్నాయా? ఆమె ముందుకు రాకపోవడానికి కారణాలేమిటి, చదువా, ఇంటి పనా, భయమా, ఊరి పెద్దల మాటా? ‘ఆయన తోడు లేకపోతే ఆమెకు పని జరగదు’ అనే పిల్లలుంటారు. వాళ్ళ మాటా వినాలి, కారణం అడగాలి. ఆ తరవాత సర్పంచిగారినే బడికి పిలిచి, పిల్లలు రాసుకున్న ప్రశ్నలు ఆమెనే మర్యాదగా అడిగేలా చేయాలి. ఆ కుర్చీ ఎవరిదో పిల్లలకే కాదు, బహుశా ఆమెకూ ఆ రోజు తెలుస్తుంది.

ఇలాంటి పాఠం అప్పటికప్పుడు తడుముకుంటే రాదు. సాధన కావాలి. శిక్షణ కళాశాలలో సహవిద్యార్థుల ముందు ఇలాంటి ఇబ్బంది ప్రశ్నలు ఎదుర్కొని, తడబడి, మళ్ళీ చెప్పి చూసుకుని ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అన్నిటికీ రెండు వైపులుంటాయని పొరబడకూడదు. చెరువు మట్టి ఎవరు తీసుకోవాలి, పంచాయతీ డబ్బు ముందు రోడ్డుకా బడికా, ఎన్నికల హామీల్లో ఏది సాధ్యం, ఏది కాదు అన్నవి వాదించుకోవలసిన విషయాలు. అంటరానితనం వాదించుకోవలసిన విషయం కాదు. 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం తిననివ్వబోమని పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోయిన ఘటనలు ఈ దేశంలో జరిగాయి. అలాంటి రోజున ‘రెండు అభిప్రాయాలూ చర్చిద్దాం’ అనే ఉపాధ్యాయుడు నిష్పాక్షికంగా ఉన్నట్టు కాదు, బాధ్యత వదిలేసినట్టు. ఆయన ఆ వంటామె పక్కన కూర్చుని భోజనం చేయాలి. ఏది చర్చకు పెట్టవచ్చు, ఏది రాజ్యాంగం ఇప్పటికే తేల్చేసింది అన్న తేడా పట్టుకోవడం శిక్షణలో మొదటి మెట్టు. ఆ చూపు ఒకసారి వస్తే, తరగతి ఊడ్చే పని ఎప్పుడూ అమ్మాయిలకే ఎందుకు పడుతోంది, నీళ్ళు తెమ్మని ఎప్పుడూ ఎవరి పిల్లల్ని పంపుతున్నాం అన్నవి కూడా కనబడతాయి.

భయం సంగతి కూడా మాట్లాడుకుందాం. ‘పిల్లలతో రాజకీయాలు మాట్లాడిస్తున్నావట’ అన్న ఫిర్యాదుకు ఉపాధ్యాయులు నిజంగానే భయపడతారు. ప్రభుత్వ ఉపాధ్యాయుడు పార్టీ రాజకీయాల్లో పాల్గొనకూడదని ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. అది సరైన నియమం. ఊరి నీళ్ళ గురించి, బడి మరుగుదొడ్డి గురించి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం గురించి చెప్పడం పార్టీ రాజకీయం కాదు. ఈ గీత ఎక్కడుందో శిక్షణలోనే స్పష్టంగా చెప్పాలి. ఇబ్బందికరమైన పాఠం మొదలుపెట్టే ముందు హెడ్మాస్టరుకు, పాఠశాల యాజమాన్య కమిటీకి చెప్పి ఉంచే పద్ధతి నేర్పాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు మండల విద్యాశాఖాధికారి ఉపాధ్యాయుడి వెనక నిలబడాలి. మెమో రాయడం తేలిక. విచారించి, ‘ఈయన పాఠమే చెప్పాడు’ అని సంతకం పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం అధికారుల్లో కూడా పెరగాలి.

పౌరులుగా నిలబడిన ఉపాధ్యాయులు మన దగ్గర లేకపోలేదు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పని మాన్పించి బడికి తెచ్చే పని మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి కలిసి నడిచారు. తల్లిదండ్రులతో, యజమానులతో, పంచాయతీలతో మాట్లాడారు. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ ఉపాధ్యాయుల దగ్గర చదువుకున్న పిల్లలకు హక్కు అంటే ఏమిటో వేరే నిర్వచనం చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

తొందరపడటానికి నాకింకో కారణం ఉంది. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి మన దేశంలో ఓటు వయసు పద్దెనిమిది. మన పిల్లలు పదో తరగతి ముగించేది పదిహేనేళ్ళకు. ఆ తరవాత ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన పిల్లలకు పౌరశాస్త్రం పాఠ్యాంశంగా ఉండదు. హాస్టలు, స్టడీ అవరు, వారాంతపు పరీక్ష. ఇంజనీరింగులో భారత రాజ్యాంగం మీద కోర్సు ఒకటి ఉంది, కానీ క్రెడిట్లు లేని కోర్సును విద్యార్థులు ఎంత శ్రద్ధగా వింటారో మనకు తెలుసు. అంటే లక్షలమంది పిల్లలకు పదో తరగతి సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడే, మొదటి ఓటు వేసేలోపు దేశం గురించి వాళ్ళతో మాట్లాడే చివరి గురువు. అలాంటి మనిషిని మనం ఎంత జాగ్రత్తగా తయారుచేసుకోవాలి! చాలా బళ్ళలో ఆ పీరియడునే గణితానికి ఇచ్చేస్తున్నారు.

జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో, బీఈడీ కళాశాలల్లో బోధిస్తున్న అధ్యాపక మిత్రులకు నా విన్నపం. కొత్త ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడవద్దు. ఈ ఏడాది చేరిన ఛాత్రోపాధ్యాయులను మొదటి వారంలోనే కూర్చోబెట్టి, తరగతి నియమాలు వాళ్ళ చేతనే రాయించండి, మీరు కూడా వాటికి కట్టుబడండి. రహస్య ఓటుతో తమ ప్రతినిధులను వాళ్ళే ఎన్నుకోనివ్వండి. గ్రంథాలయం వేళలు, ఇంటర్న్‌షిప్ బళ్ళ ఎంపిక, మీ పాఠాల మీద అభిప్రాయం, వీటిలో వాళ్ళకు నిజమైన మాట ఉండనివ్వండి. మీ మాటను ఎవరైనా కాదంటే అది ఆ రోజుకు మంచి తరగతి అని గుర్తించండి. ఇంటర్న్‌షిప్ రికార్డులో పాఠ్య పథకాలతో పాటు ఒక పుస్తకం ప్రత్యేకంగా పెట్టించండి. అందులో తాము చెప్పినది కాదు, పిల్లలు అడిగిన ప్రశ్నలు రాయమనండి. మార్కులు ఆ పుస్తకానికి కూడా వేయండి.

బళ్ళలో పనిచేస్తున్న ఉపాధ్యాయులకూ ఒక మాట. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక అరగంట, ఆ నెల మీ తరగతిలో వచ్చిన కష్టమైన ప్రశ్న ఒకటి అందరి ముందు పెట్టి మాట్లాడుకోండి. సోమవారం బడికి వెళ్ళాక లీడరు ఎన్నిక పెట్టండి. పెట్టి, ఆ లీడరుకు బోర్డు మీద పేర్లు రాసే పని అప్పగించకండి. తరగతికి ఏం కావాలో తోటి పిల్లల్ని అడిగి, రాసుకుని వచ్చి మీకు చెప్పే పని ఇవ్వండి. వచ్చినప్పుడు కుర్చీలోంచి లేవనక్కర్లేదు గాని, చేస్తున్న పని ఆపి వినండి.